మడత బందు, మిరప సాలు, మా అల్లుడి తుపాకి

ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే వాట్సాప్‌లో రెండు ఫొటోలు వచ్చాయి. డాలస్ నుంచి మా అల్లుడు పంపాడు. అక్కడింకా శనివారం రాత్రే. చూడబోతే రెండూ తలుపు గడియల్లా ఉన్నాయి. ఒకటి నల్ల ప్లాస్టిక్‌ది, ఒకటి ఉక్కుది. కింద, "మామయ్య గారూ, ఏది తీసుకోమంటారు?" అని ఒక ముక్క. దర్శిలో ఇన్నేళ్ళు పిల్లలకి ఫిజిక్స్ చెప్పిన పాపానికి కుక్కర్ వాల్వు కొన్నా నన్నే అడుగుతాడు. ఇది మాత్రం కొత్త. రైఫిల్ మీద బిగించే మడత గురి అట.

మన ఊళ్ళో ఈ బేరం ఎవరికీ పడదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు పుట్టడమే కష్టం. పుట్టినా ఎలక్షన్లొచ్చినప్పుడల్లా తుపాకిని స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. టెక్సాస్‌లో సంగతి వేరు. మావాడు నెలకోసారి రేంజికి పోయి కాగితానికి చిల్లులు పెట్టి వస్తాడు. మా అమ్మాయికి ఆ తుపాకి ఇంట్లో ఉండటమే గిట్టదు. అది వాళ్ళిద్దరి పేచీ, నేను దూరను. నాకు మాత్రం ఆ రెండు ముక్కల్లో మంచి లెక్క కనపడింది.

ఫోన్ చేస్తే మనవడు ఎత్తాడు. "తాతయ్యా, గేమ్‌లో కూడా ఐరన్ సైట్ ఉంటుంది, కానీ ఎవరూ వాడరు" అన్నాడు. ఒరే చిన్నోడా, నువ్వు మన చేలో అచ్చు తోలడం చూశావు కదా, అన్నాను. మిరప మొక్క నాటే ముందు మొదటి సాలు తిన్నగా రావాలి. తోలేవాడు ఎద్దుల కాళ్ళకేసి చూడడు. అవతలి గట్టు మీద ఒక పుల్ల, మధ్యలో ఒక పుల్ల గుచ్చుకుని, ముందుదాని చాటున వెనకది దాక్కునేట్టు చూసుకుంటూ పోతాడు. కన్ను, దగ్గరి పుల్ల, దూరపు పుల్ల ఒక్క గీత మీద ఉన్నంతసేపూ సాలు వంకరపోదు. మొన్నామధ్య నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గానికి మన ఊరి పక్కన సర్వే చేసినవాళ్ళదీ ఇదే విద్య. కాకపోతే వాళ్ళది ఖరీదైన యంత్రం. రైఫిల్ మీద కంటి దగ్గరుండేది వెనక గురి, గొట్టం కొసనుండేది ముందు మొన, అవతలి గట్టు మీది పుల్ల లక్ష్యం. అంతే.

ఇక్కడ ఒక తిరకాసుంది. సాలు తోలేవాడు దూరపు పుల్లని చూస్తాడు. తుపాకి పట్టినవాడు దగ్గరి మొననే స్పష్టంగా చూడాలి, లక్ష్యం మసకబారినా ఫర్వాలేదు. చిన్నోడు నమ్మలేదు. లెక్క చెప్పాను. రెండు గురుల మధ్య అర మీటరు ఎడం ఉందనుకో. 100 మీటర్లంటే దానికి రెండొందల రెట్లు. ముందు మొన వెనక గురితో ఒక్క మిల్లీమీటరు తప్పితే అవతల గుండు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు, పక్కకి పోతుంది. అదే మొన, గురి సరిగ్గా కలిసి ఉండి, లక్ష్యం మీద నువ్వు రెండంగుళాలు పక్కకి చూస్తే తప్పేది ఆ రెండంగుళాలే, పెరగదు. పెరిగే తప్పుని ముందు పట్టుకోవాలా, పెరగనిదాన్నా? కంటికి ఒకేసారి మూడు దూరాలు తేటగా కనపడవు కనక ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

"నీకు దగ్గరివి కనపడవుగా తాతయ్యా, మరి నువ్వెలా కొడతావు?" అన్నాడు వాడు. అడగాల్సిన ప్రశ్నే. నా దగ్గర ఒక పెళ్ళి శుభలేఖ ఉంటే దానికి సూదితో కన్నం పొడిచాను. కళ్ళజోడు తీసేసి, కన్నాన్ని కంటికి ఆనించి, పేపర్లో మిర్చి యార్డు ధరలు గడగడా చదివి వినిపించాను. అక్షరాలు కాస్త చీకటిగా ఉన్నాయి గానీ అంచులు మాత్రం చెక్కినట్టున్నాయి. అంత సన్నని కన్నంలోంచి కొద్దిపాటి కిరణాలే లోపలికొస్తాయి. కిరణాలు తక్కువైతే అవి కంటి వెనక పరుచుకునే మసక మచ్చ కూడా చిన్నదవుతుంది. నాలాంటి చత్వారం కన్నుకి అది చవక కళ్ళజోడు. రైఫిల్ వెనక గురిలో ఉండేది ఆ కన్నమే. పైగా గుండ్రటి కన్నంలోంచి చూసినప్పుడు మొనని నడిమధ్యకి తెచ్చుకోవడం కంటికి పుట్టుకతో వచ్చిన అలవాటు, ఎవరూ నేర్పనక్కర్లేదు.

మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కంచు పతకం కొట్టింది ఇలాంటి కన్నంలోంచి చూసే. ఆ పోటీలో దుర్బీను పెట్టుకోనివ్వరు. లక్ష్యం నడుమ పది మార్కుల చుక్క అడ్డం కొలత అర మిల్లీమీటరు. పది మీటర్ల నుంచి ఆవగింజని కూడా కాదు, ఆవగింజలో ముక్కని కొట్టాలి.

సరే, ఇంత మంచి కన్నం ఉండగా మడత దేనికి? మావాడి రైఫిల్ మీద ముందే ఒక ఎర్రచుక్క అద్దం ఉంది. చిన్న ఎల్‌ఈడీ వెలుతురు పూత పూసిన అద్దం మీద పడి వెనక్కి తిరిగి, చుక్క ఎక్కడో అనంత దూరాన ఉన్నట్టు కనపడుతుంది. కన్ను కాస్త అటూ ఇటూ జరిగినా చుక్క లక్ష్యాన్ని వదలదు. హాయిగా ఉంటుంది, బ్యాటరీ ఉన్నంతవరకు. బ్యాటరీ చచ్చినా, అద్దం మీద వాన చినుకులు పడ్డా చుక్క మాయం. అప్పటికని ఇనప గురి తోడుంచుకుంటారు. ఎప్పుడూ నిలబడి ఉంటే అద్దంలో చూపుకి అడ్డం. అందుకని మన మడత మంచంలా పడుకోబెట్టి, అవసరానికి లేపుతారు.

ఇప్పుడు ఎంపిక. మొదట ఎత్తు. ఇవి బిగించే పట్టాకి 1995లో అమెరికా సైన్యం ఒక కొలత ఖాయం చేసింది, సుమారు సెంటీమీటరుకో గాడి. న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధశాల పేరే దానికి పెట్టారు. అందువల్ల ఎవరు చేసిన గురైనా ఎవరి పట్టాకైనా పడుతుంది. పడినంత మాత్రాన సరిపోదు. ముందుదీ వెనకదీ ఒకే మట్టం మీద ఉండాలి, లేపినప్పుడు వాటి గీత ఎర్రచుక్క అద్దంలోంచి పోవాలి. కొన్ని అద్దం నట్టనడుమకి వస్తాయి, కొన్ని కింది మూడో వంతుకి. నేనైతే కింది వంతే మేలన్నాను. రోజూ చూసే చోట కంచె నాటుకోవడమెందుకు?

రెండోది సరుకు. ప్లాస్టిక్ తేలిక, చవక, కింద పడితే వంగి మళ్ళీ లేస్తుంది. దాన్ని తీసిపారెయ్యక్కర్లేదు. కాకపోతే కొన్ని రైఫిళ్ళలో ముందు గురి గొట్టానికే అంటుకుని, వేడి వాయువు బయటికి మళ్ళే దిమ్మ మీద కూచుంటుంది. వరసగా కాలిస్తే అది చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అక్కడ ఉక్కే పెట్టాలి. మావాడిది గొట్టానికి తగలని పట్టా కనక ఈ బెంగ లేదు.

అసలు సంగతి మూడోది. బందు. నేను కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు పాయింట్ టూ టూ రైఫిల్‌తో 25 గజాల దూరాన ఐదు గుళ్ళు కాల్పించారు. నాకిచ్చినదాని వెనక గురి కదిలే పన్నులా ఉంది. మొదటి మూడూ రూపాయి బిళ్ళంత చోట పడ్డాయి. నాలుగోదానికి ముందు రైఫిల్‌ని కాస్త గట్టిగా నేల మీద పెట్టాను. మిగతా రెండూ కాగితం అంచుకి పోయాయి. ఉస్తాద్ నా ఊపిరిని తిట్టాడు. గురి కదిలిందని చెబితే ఇంకా తిట్టాడు. అప్పట్నుంచీ కదిలే బందు మీద నాకు నమ్మకం లేదు. మా ఇంటి కిటికీ బందు అర మిల్లీమీటరు ఊగితే గాలికి టకటక కొట్టుకుంటుంది, అంతే. అదే ఊగు రైఫిల్ మీద 100 మీటర్లకి పది సెంటీమీటర్లు. మడత గురి వెయ్యిసార్లు పడుకున్నా లేచినప్పుడల్లా లేచిన చోటికే లేవాలి.

దానికి మా అల్లుడికి గుండు ఖర్చు లేని పరీక్ష చెప్పాను. తుపాకి ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకో. బల్ల మీద వైస్‌లో కదలకుండా బిగించు. పది మీటర్ల అవతల గోడ మీద గళ్ళ కాగితం అంటించి, కన్నంలోంచి మొన ఏ గడిని తాకుతోందో రాసుకో. గురుల్ని పడుకోబెట్టు, లేపు, మళ్ళీ చూడు. పదిసార్లు. తర్వాత వేలితో పక్కకి నెట్టి వదిలి చూడు.

అల్లుడు రెండూ తెప్పించాడు. అక్కడ నచ్చకపోతే వెనక్కి పంపొచ్చట, అదొక భాగ్యం. వారం తర్వాత గళ్ళ కాగితం ఫొటో వచ్చింది. నేను ఉక్కుదే నెగ్గుతుందని చిన్నోడితో పందెం కాశాను. ప్లాస్టిక్‌ది పదిసార్లూ ఒకే గడిలో ఉంది. ఉక్కుది మూడు గళ్ళలో తిరిగింది, దాని బందు సీల లూజట. ఫొటో కింద చిన్నోడి చేతిరాత ఉంది, తెలుగులో, వంకరటింకరగా: "తాతయ్యా, నీ లెక్క రైటు, నీ పందెం తప్పు."

శుభలేఖ కన్నంలోంచే చదివాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.