ఏకకణ జీవులలో కాల్షియంను బంధించే మాంసకృత్తులు: నిర్మాణం, విధులు

సున్నపు నేలలలో భాస్వరం కాల్షియంతో కలిసి కరగని లవణంగా మారి పైరుకు అందకుండా పోవడం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు సుపరిచితమే. జీవకణానికీ ఇదే ముప్పు ఉన్నది. కణంలోని శక్తి వినిమయం ఫాస్ఫేట్లపై ఆధారపడినందున, కణద్రవ్యంలో స్వేచ్ఛా కాల్షియం గాఢత వెలుపలి కంటే వేల రెట్లు తక్కువగా ఉంచబడుతుంది. అందువల్ల స్వల్ప పరిమాణంలో కాల్షియం లోనికి ప్రవేశించినా అది సంకేతంగా పనిచేస్తుంది.

ఈ సంకేతాన్ని గ్రహించే మాంసకృత్తులలో ముఖ్యమైనది కాల్మోడ్యులిన్. దీనిలో 'ఇఎఫ్ హస్తాలు' అనే నిర్మాణాలు నాలుగు ఉంటాయి. 1973లో కార్ప్ చేప కండరంలోని పార్వాల్బుమిన్‌లో తొలుత వర్ణింపబడిన ఈ హస్తంలో రెండు సర్పిలాలు, వాటి మధ్య 12 అమైనో ఆమ్లాల వలయం ఉంటాయి. వలయంలో సాధారణంగా 7 ఆక్సిజన్ పరమాణువులు కాల్షియం అయానును చుట్టుముడతాయి. అప్పుడు కాల్మోడ్యులిన్ తమ్మెలు విచ్చుకొని ఇతర మాంసకృత్తులతో బంధం ఏర్పరచుకుంటాయి.

పారమీషియం అడ్డంకిని తాకినప్పుడు కాల్షియం శైలికలలోకి ప్రవేశించి, వాటి కదలికను తిప్పివేయగా, జీవి వెనుకకు ఈదుతుంది. 1990లో వెలువడిన ఉత్పరివర్తిత రకాల పరిశీలన కాల్మోడ్యులిన్ రెండు తమ్మెల విధులు వేరని సూచించింది. సి-తమ్మెలో మార్పు కలిగిన రకాలలో కాల్షియంపై ఆధారపడిన పొటాషియం ప్రవాహం తగ్గి ప్రతిస్పందన మితిమీరింది. ఎన్-తమ్మెలో మార్పు కలిగిన వాటిలో సోడియం ప్రవాహం తగ్గి ప్రతిస్పందన మందగించింది.

మొక్కలలోను, మలేరియా కారక ప్లాస్మోడియంలోను, కోళ్లలో కాక్సిడియోసిస్ కలిగించే ఐమీరియాలోను కాల్మోడ్యులిన్‌ను పోలిన భాగం కైనేజ్ ఎంజైముతో ఒకే గొలుసుగా కలిసి ఉంటుంది. దీనినే సీడీపీకే అంటారు. ఎలుకలలో మలేరియా కలిగించే ప్లాస్మోడియం బెర్ఘీలో సీడీపీకే4 జన్యువును తొలగించినప్పుడు పురుష సంయోగబీజాలు ఏర్పడలేదు. దోమ ద్వారా వ్యాప్తి నిలిచిపోయింది. ఈ ఫలితం 2004లో ప్రచురితమైనది.

మనుషులలో, కోళ్లలో సీడీపీకేలు లేవు. కనుక అతిథేయికి హాని లేకుండా పరాన్నజీవిని అరికట్టే ఔషధాలకు ఇవి తగిన లక్ష్యాలు. అయితే జంతువులలోని ఇతర కైనేజ్‌ల క్రియాస్థానం వీటిని పోలి ఉంటుంది. ఆ సామ్యాన్ని దాటి పరాన్నజీవి ఎంజైమును మాత్రమే నిరోధించే అణువును రూపొందించాలంటే నిర్మాణంలోని సూక్ష్మ భేదాల పరిజ్ఞానం అత్యావశ్యకం.