రెండు రైళ్లు – ఒక కాంతికిరణం

విజయవాడ – విశాఖపట్నం రైలుమార్గంలో సామర్లకోటకు, తునికి నడుమ అన్నవరం స్టేషను ఉన్నది. అక్కడ ఆగి ఉన్న రైలులో కూర్చున్న యాత్రికునికి ఒక్కొక్కప్పుడు ఒక చిత్రమైన భ్రాంతి కలుగుతుంది. పక్క పట్టాల మీది రైలు కదిలితే తన రైలే కదిలిందనిపిస్తుంది. రెండవ వైపు కిటికీలో నుంచి ప్లాట్‌ఫారం మీది స్తంభాన్ని చూస్తే గాని ఆ భ్రాంతి తొలగదు. దీనిని కంటి పొరపాటుగా కొట్టివేయడం సులభమే. కాని కన్ను ఏ పొరపాటూ చేయలేదు. రెండు రైళ్ల నడుమ స్థానం మారుతున్నదని మాత్రమే అది చెప్పింది. ఏది కదిలిందో తేల్చడానికి స్తంభం సాక్ష్యం కావలసివచ్చింది. ఆ స్తంభం నాటిన నేల అయినా స్థిరమైనదా అంటే, భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూనే ఉన్నది.

వేగం అనే మాటకు ఒంటరిగా అర్థం లేదు. దేనిని బట్టి వేగం అన్న ప్రశ్న దానిని ఎల్లప్పుడూ అంటిపెట్టుకొనే ఉంటుంది. ఏ వస్తువును ఆధారంగా చేసుకొని దూరాన్ని, కాలాన్ని కొలుస్తామో దానిని నిర్దేశ చట్రం అంటారు. ఒడుదుడుకులు లేకుండా ఒకే వేగంతో సాగే ఓడ లోపలి గదిలో ఎన్ని ప్రయోగాలు చేసినా ఓడ కదులుతున్నదో, ఆగి ఉన్నదో తెలియదని గెలీలియో 1632లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. నేడు రైలు పెట్టెలో ఫ్లాస్కు నుంచి గ్లాసులోకి టీ పోసే మనిషికి ఇది అనుభవమే. రైలు గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో పోతున్నా టీ ధార తిన్నగా గ్లాసులోనే పడుతుంది.

గెలీలియో బాటలో వేగాలను కలిపే లెక్క కూడా సులభంగా కుదిరింది. నూరు కిలోమీటర్ల వేగంతో పోయే రైలులో పల్లీలు అమ్మే మనిషి ఇంజను వైపు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, ప్లాట్‌ఫారం మీదివారికి అతని వేగం 105 కిలోమీటర్లు. వెనుకకు నడిస్తే 95. ఎదురెదురుగా నూరేసి కిలోమీటర్ల వేగంతో వచ్చే రెండు రైళ్లలో ఒకదానిలోనివారికి రెండవదాని వేగం 200 కిలోమీటర్లు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో విద్యార్థులు చేసే సాపేక్ష వేగపు లెక్కలన్నీ ఈ కూడికకు, తీసివేతకు లోబడినవే.

ఈ లెక్కకు మొదటి చిక్కు నీటిలో ఎదురైంది. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ఆనకట్ట నిర్మాణం 1852 నాటికి పూర్తి అయింది. ఆ నీళ్లు పారిన కాలువలలో పడవలు నడిపినవారికి ప్రవాహవేగం తోడు వచ్చినప్పుడు ఎంత కలిసివస్తుందో, ఎదురైనప్పుడు ఎంత తరుగుతుందో బాగా తెలుసు. ఆనకట్ట పనులు ఇంకా సాగుతున్న 1851లోనే, ఫ్రాన్సు దేశంలో ఫిజో అనే శాస్త్రవేత్త కాంతినే పడవగా చేసి ఈ లెక్కను పరీక్షించాడు. గొట్టాలలో సెకనుకు సుమారు 7 మీటర్ల వేగంతో నీటిని పారించి, ఒక కాంతికిరణాన్ని ప్రవాహంతో పాటు, మరొకదానిని ప్రవాహానికి ఎదురుగా పంపాడు. పడవ లెక్క ప్రకారం కాంతికి ప్రవాహవేగమంతా, అంటే 7 మీటర్లూ, కలిసిరావాలి. కలిసివచ్చింది మాత్రం 3 మీటర్లే. మిగిలిన వేగం ఏమైనట్లు? లెక్కకు సరిపడే సూత్రాన్ని ఫ్రెనెల్ అంతకు ముందే ఊహించి చెప్పినా, అసలు కారణం మరో అరశతాబ్దానికి గాని స్పష్టం కాలేదు.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. భూమి పరుగు వల్ల వేర్వేరు దిక్కులలో కాంతివేగం వేర్వేరుగా ఉండాలని భావించి, ఆ తేడాను పట్టుకోవడానికి 1887లో అమెరికాలో మైకెల్సన్, మోర్లే అతి సున్నితమైన ప్రయోగం చేశారు. వారు ఎదురుచూచిన తేడా కనిపించలేదు. శూన్యంలో కాంతివేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లు; కొలిచేవారు ఎటు పరుగెత్తినా అంతే. దీపాన్ని చేతపట్టి ముందుకు ఉరికినా, వెనుకకు ఉరికినా దాని కాంతి వేగం పెరగదు, తరగదు. నూరు, అయిదు కలిస్తే నూట అయిదన్న లెక్క ఇక్కడ పూర్తిగా విఫలమైంది.

బెర్న్ నగరంలో పేటెంటు కార్యాలయ ఉద్యోగిగా ఉన్న ఇరవై ఆరేళ్ల ఐన్‌స్టీన్ 1905లో ఈ చిక్కుముడిని విప్పాడు. ఏకరీతి వేగంతో సాగే చట్రాలన్నిటిలో ప్రకృతి నియమాలు ఒక్కటేనని, వాటన్నిటిలో శూన్యంలో కాంతివేగం ఒక్కటేనని రెండు మాటలను పునాదిగా గ్రహించి, వాటి వెంట ఎంత దూరం పోవలసివచ్చినా వెనుదీయక పోయాడు. ఆయన గొప్పతనం కొత్త ప్రయోగం చేయడంలో లేదు. అందరూ ప్రశ్నించక అంగీకరించిన దానిని ప్రశ్నించడంలో ఉన్నది. ఆ ప్రశ్న కాలాన్ని గురించినది.

పల్లీలు అమ్మేవాని వేగం 5 కిలోమీటర్లు అన్నప్పుడు, దానిని రైలులోని కొలబద్దతో, రైలులోని గడియారంతో కొలిచారు. రైలు వేగం నూరు అన్నప్పుడు నేల మీది కొలబద్దతో, నేల మీది గడియారంతో కొలిచారు. ఒకరి కుంచంతో కొలిచిన ధాన్యాన్ని, వేరొకరి కుంచంతో కొలిచిన ధాన్యాన్ని కూడాలంటే రెండు కుంచాలూ సమానమని ముందుగా రుజువు కావాలి. రైలు గడియారం, నేల గడియారం ఒకే కాలాన్ని చూపుతాయన్న రుజువును అంతవరకు ఎవరూ అడగలేదు.

అన్నవరంలో ఈ కాల విచారానికి తగిన సన్నివేశమే ఉన్నది. రత్నగిరిపై సత్యనారాయణస్వామి ఆలయ ఆవరణలో నీడను బట్టి వేళను తెలిపే సూర్యగడియారం ఉన్నది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం అన్నవరానికి చాలా చేరువగా పోతుంది. కనుక ఈ ఊళ్లో చేతిగడియారానికి, ఎండనీడకు నడుమ వచ్చే కొద్ది నిమిషాల తేడా ముఖ్యంగా భూకక్ష్య ఆకారం వల్ల, భూమి అక్షపు వంపు వల్ల కలిగేదే. రేఖాంశం వల్ల వచ్చేది చాలా స్వల్పం. ఒకప్పుడు ఊరూరికీ పొద్దు వేరు. రైళ్లు వచ్చిన తరువాత మద్రాసు కాలం రైల్వేల కాలమైంది. 1906 జనవరి 1 నుంచి దేశానికి ఒకే ప్రామాణిక కాలం ఏర్పడింది. దేశమంతటికీ ఒకే గడియారం అమలులోకి రావడానికి కొద్ది నెలల ముందే, విశ్వమంతటికీ ఒకే గడియారం ఉండజాలదని ఐన్‌స్టీన్ వ్యాసం అచ్చయింది. ఇది కాకతాళీయమే అయినా గుర్తుంచుకోదగినది.

ఉండజాలదు అనడానికి హేతువు ఇది. సాగిపోతున్న ఒక రైలు పెట్టె సరిగ్గా నడుమ దీపం వెలిగిందనుకొందాం. పెట్టెలోనివారి దృష్టిలో కాంతి రెండు కొసలనూ ఒకేసారి చేరుతుంది, ఎందుకంటే దూరాలు సమానం, వేగం సమానం. ఆ కాంతి తగిలిన క్షణాన రెండు కొసలలోని గడియారాలను వారు సున్నకు సవరించుకొన్నారు. ప్లాట్‌ఫారం మీదివారు ఏమి చూస్తారు? వారికీ కాంతివేగం రెండు దిక్కులలో సమానమే. కాని వెనుక కొస కాంతికి ఎదురు వస్తున్నది. ముందు కొస కాంతికి అందక పోతున్నది. కనుక కాంతి వెనుక కొసను ముందుగాను, ముందు కొసను ఆలస్యంగాను చేరుతుంది. రైలువారు ఒకేసారి సవరించామన్న గడియారాలలో ముందుది వెనుకబడి ఉన్నదని నేలవారు అంటారు. ఇద్దరి మాటా నిజమే. దూరంగా ఉన్న రెండు చోట్ల రెండు సంఘటనలు ఏకకాలంలో జరిగాయనడం చట్రాన్ని బట్టి మారుతుంది.

ఇప్పుడు పల్లీలు అమ్మేవాడు పెట్టె వెనుక కొస నుంచి ముందు కొసకు నడిచాడు. బయలుదేరిన వేళను వెనుక గడియారం, చేరిన వేళను ముందు గడియారం చెప్పాయి. నేలవారి లెక్కలో ముందు గడియారం వెనుకబడి ఉన్నది గనుక ప్రయాణకాలం తక్కువగా నమోదయింది. అంతే కాక, కదిలే గడియారాలు రెండూ నెమ్మదిగా నడుస్తాయి; కదిలే పెట్టె పొడవు కుదించుకుపోతుంది. ఈ మూడు కారణాలూ ఒకే వైపుకు లాగుతాయి. రైలువారు 5 అని చెప్పిన వేగం వల్ల నేలవారికి కలిసివచ్చేది 5 కంటె కొంచెం తక్కువే అవుతుంది.

ఎంత తక్కువ? వేగాలను కాంతివేగంలో భిన్నాలుగా రాసుకొంటే సూత్రం సులభం. రెండు భిన్నాలను కూడాలి. ఆ రెండింటి లబ్ధానికి 1 చేర్చాలి. మొదటి ఫలితాన్ని రెండవదానితో భాగించాలి. రెండు వ్యోమనౌకలు భూమిని బట్టి చెరి 0.6 వంతు కాంతివేగంతో ఎదురెదురుగా వస్తే కూడిక 1.2, లబ్ధానికి 1 చేర్చగా 1.36, భాగిస్తే 0.88. ఒక నౌకలోనివారికి రెండవ నౌక వేగం కాంతివేగంలో 0.88 వంతే. ఒక వేగం కాంతిదే అయితే, రెండవది 0.6 అనుకొంటే, 1.6ను 1.6తో భాగించవలసివస్తుంది, ఫలితం సరిగ్గా 1. కాంతికి ఏమి చేర్చినా కాంతివేగమే మిగులుతుంది. ఫిజో నీటి ప్రయోగంలో తగ్గిన 4 మీటర్ల లెక్క కూడా ఈ సూత్రం వల్లనే సరిపోతుందని 1907లో లావ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపాడు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటి ఉన్నది. భూమి మీదివారు రెండు నౌకల నడుమ దూరం ఎంత త్వరగా తరుగుతున్నదని లెక్కిస్తే 1.2 అనే జవాబే వస్తుంది. అది తప్పు కాదు. సిద్ధాంతానికి విరుద్ధమూ కాదు. అక్కడ ఏ వస్తువూ, ఏ వార్తా కాంతిని మించి ప్రయాణించలేదు. మూడవవాడు దూరాల తేడా లెక్కించడం వేరు, ఒక నౌకలోనివారు తమ గడియారంతో, తమ కొలబద్దతో రెండవ నౌక వేగాన్ని కొలవడం వేరు. సాపేక్ష వేగం అనదగినది ఈ రెండవదే.

రైళ్ల లెక్క ఇంతకాలం ఎందుకు చెడలేదో కూడా ఈ సూత్రమే చెబుతుంది. అన్నవరం వద్ద నూరేసి కిలోమీటర్ల వేగంతో ఎదురుపడే రెండు రైళ్ల సాపేక్ష వేగం 200 కిలోమీటర్ల కంటె తక్కువే. ఆ తక్కువ గంటకు మీటరులో వంద కోట్లలో రెండు వంతులైనా లేదు. తల వెంట్రుక మందంలో పదివేలవ వంతుకు కూడా చాలదు. గెలీలియో లెక్కను పారవేయవలసిన పని లేదు. నిదానంగా నడిచే లోకానికి అది చాలు.

వేగంగా నడిచే లోకం మరీ దూరాన లేదు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు వాతావరణపు పై పొరలను తాకినప్పుడు, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున మ్యూయాన్లనే కణాలు పుడతాయి. రత్నగిరి మెట్లెక్కే యాత్రికుడు అరచేయి చాస్తే దాని గుండా నిమిషానికి నూరుకు దగ్గరగా మ్యూయాన్లు దూసుకుపోతాయి. వాటి సగటు ఆయుర్దాయం 2.2 మైక్రోసెకనులు మాత్రమే. కాంతివేగంతో పోయినా ఆ వ్యవధిలో 660 మీటర్లకు మించి సాగలేవు. ఈ లెక్కన వంద కోట్లలో ఒక్కటైనా నేలకు చేరరాదు. అయినా చేరుతున్నాయి. కాంతివేగంలో 0.998 వంతు వేగం గల మ్యూయాన్ గడియారం మన లెక్కలో దాదాపు పదహారు రెట్లు నెమ్మదిస్తుంది; అది 10 కిలోమీటర్లకు పైగా రాగలుగుతుంది. మ్యూయాన్ వైపు నుంచి చూస్తే దాని ఆయువు పెరగలేదు, అదే 0.998 వేగంతో భూమే దానికి ఎదురు వస్తున్నది, 15 కిలోమీటర్ల వాతావరణం కిలోమీటరు కంటె తక్కువకు కుదించుకున్నది. కాలం విషయంలో, దూరం విషయంలో ఇరువురి లెక్కలూ వేరు. ఒకరిని బట్టి ఒకరి వేగం మాత్రం ఇరువురికీ సమానం. తెలుగు మాట విరివిగా వినిపించే కోలారు జిల్లాలోని బంగారు గనులలో టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థవారు ఈ మ్యూయాన్లు భూగర్భంలో ఎంత లోతుకు చొచ్చుకుపోతున్నాయో ఏళ్ల తరబడి కొలిచారు. అదే గనులలో 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ కూడా దొరికింది. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

గోదావరి సీమకు ఈ శాస్త్రంతో మరో బంధం ఉన్నది. భీమవరం ప్రాంతంలోని గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానంద సన్యసించిన పిమ్మట ఐరోపాకు వెళ్లి, ప్రాగ్‌లోను, లివర్‌పూల్‌లోను బీటా కిరణాలపై పరిశోధన చేశారు. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేశారు. బీటా కిరణాలంటే కేంద్రకాల నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు. వాటిలో పెక్కింటి వేగం కాంతివేగానికి చేరువగా ఉంటుంది. ఐన్‌స్టీన్ సూత్రాలు లేనిదే వాటి శక్తిని లెక్కించడం సాధ్యం కాదు.

కాంతికి ఏ వేగమూ తోడు రాదన్న మాటకు సూటియైన పరీక్ష 1964లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో జరిగింది. కాంతివేగంలో 0.9997 వంతుకు పైగా వేగంతో పోతున్న తటస్థ పయాన్లు క్షయించి గామా కిరణాలను ముందుకు విడిచాయి. పాత కూడిక ప్రకారం ఆ కిరణాల వేగం కాంతివేగానికి దాదాపు రెండింతలు కావాలి. కొలిచి చూడగా అది కాంతివేగమే.

నేడు అన్నవరం చేరిన యాత్రికుడు చేతిఫోనులో దారి వెదికినప్పుడు ఈ సిద్ధాంతం అతనికి తెలియకుండానే పనిచేస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సెకనుకు సుమారు 3.9 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. ఆ వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు 7 మైక్రోసెకనులు వెనుకబడతాయి. ఎత్తున గురుత్వాకర్షణ తక్కువ కావడం వల్ల 45 మైక్రోసెకనులు ముందుకు పోతాయి. మిగిలిన 38 మైక్రోసెకనులను సవరించకపోతే స్థాననిర్ణయంలో దోషం రోజుకు పది కిలోమీటర్లకు పైగా పేరుకుంటుంది. 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి మొదటి ఉపగ్రహం ఎగిరిన భారతీయ దిక్సూచన వ్యవస్థ నావిక్‌లోనూ పరమాణు గడియారాలకు ఇటువంటి సవరణలు చేస్తూనే ఉంటారు.