ప్రతినాయకుడి ప్రాయశ్చిత్తం: ‘థండర్‌బోల్ట్స్’ కామిక్ పరిశీలన

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పశ్చాత్తాపం, పక్షం మారడం, ప్రాయశ్చిత్తం అనే మూడింటి మధ్య భేదాన్ని గుర్తించగలుగుతారు.
• అమెరికన్ సూపర్ హీరో కామిక్స్‌లో ప్రతినాయకుడు మంచివాడిగా మారే కథ ఎలా రూపుదిద్దుకుందో వివరించగలుగుతారు.
• ‘థండర్‌బోల్ట్స్’ పాత్రల ఆధారంగా ఒక ప్రాయశ్చిత్త కథను అంచనా వేయగలుగుతారు.

1.1 పరిచయం

తప్పు చేసినవాడు మంచి పనులు చేస్తే పాత తప్పు మాసిపోతుందా? ఈ ప్రశ్న ఇతిహాసాల్లో ఉంది, న్యాయశాస్త్రంలో ఉంది, మన ఇళ్లలోనూ ఉంది. జనం కాలక్షేపానికి చదివే సూపర్ హీరో కామిక్ కూడా దీన్ని తప్పించుకోలేకపోయింది.

ముందుగా మూడు మాటల అర్థాలు తెలుసుకుందాం. ‘పశ్చాత్’ అంటే తరువాత, ‘తాపం’ అంటే మంట. తప్పు జరిగిన తరువాత మనసులో కలిగే బాధే పశ్చాత్తాపం. ఇది లోపలిది, ఎవరికీ కనిపించకపోవచ్చు. పక్షం మారడం బయటికి కనిపించేది. నిన్నటి శత్రువు ఈరోజు మనవైపు నిలిచి పోరాడతాడు. ప్రాయశ్చిత్తం ఈ రెండింటికన్నా కఠినమైనది. చేసిన తప్పును ఒప్పుకొని, దానికి తగిన మూల్యాన్ని చెల్లించడం ఇందులో ఉంటుంది. యాజ్ఞవల్క్య స్మృతి ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు అధ్యాయాలుగా ఉండటం మీకు తెలిసే ఉంటుంది. అంటే ప్రాయశ్చిత్తాన్ని మన శాస్త్రకారులు కేవలం ఒక భావంగా చూడలేదు. దాన్ని ఆచరించవలసిన పనిగా చూశారు. ఈ భేదాన్ని గుర్తుంచుకుని ముందుకు వెళ్దాం.

1.2 నేపథ్యం: పక్షం మారిన ప్రతినాయకులు

1954లో అమెరికా కామిక్స్ ప్రచురణకర్తలు ‘కామిక్స్ కోడ్’ అనే నియమావళిని తమకు తాముగా ఏర్పరచుకున్నారు. నేరస్థుడిపై సానుభూతి కలిగించరాదని, ప్రతి కథలోనూ చెడుపై మంచి గెలవాలని, నేరానికి శిక్ష పడాలని అది నిర్దేశించింది. ఇటువంటి చట్రంలో ప్రతినాయకుడి మనసులోకి తొంగిచూడటానికి చోటు తక్కువ. 1971లో ఈ నియమాలను కొంత సడలించారు.

అయినా మార్వెల్ సంస్థ రచయితలు 1960లలోనే ఒక దారి కనిపెట్టారు. 1964లో ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’ 57వ సంచికలో హాక్ఐ అనే విలుకాడు ఐరన్ మ్యాన్‌కు శత్రువుగా పరిచయమయ్యాడు. మరుసటి ఏడాది ‘అవెంజర్స్’ 16వ సంచికలో అతడు అదే వీరుల బృందంలో చేరాడు. అతనితో పాటు చేరిన క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్ కూడా అంతకుముందు ప్రతినాయక ముఠాలో ఉన్నవారే. కెప్టెన్ అమెరికా నాయకత్వంలోని ఆ నలుగురిలో ముగ్గురు మాజీ శత్రువులే అన్నమాట.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వారు పాత పనులకు పెద్దగా జవాబు చెప్పుకోవలసిన అవసరం రాలేదు. పక్షం మారారు, కథ ముందుకు సాగింది. ప్రాయశ్చిత్తం అనే ప్రశ్నను కథకు కేంద్రంగా నిలపడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

1.3 ‘థండర్‌బోల్ట్స్’: కథాసారం

1997లో కర్ట్ బ్యూసిక్ రచనతో, మార్క్ బాగ్లీ చిత్రాలతో ‘థండర్‌బోల్ట్స్’ ధారావాహిక మొదలైంది. (ఇదే పేరుతో 2025లో వచ్చిన సినిమాలోని సభ్యులు వేరు, కథ వేరు. రెండింటినీ కలపవద్దు.)

అవెంజర్స్, ఫెంటాస్టిక్ ఫోర్ బృందాలు చనిపోయాయని ప్రపంచం నమ్ముతున్న సమయం. రక్షకులు లేని నగరంలో కొత్త వీరుల జట్టు ప్రత్యక్షమవుతుంది. జనం చప్పట్లు కొడతారు. మొదటి సంచిక చివరి పుటలో అసలు విషయం బయటపడుతుంది: వీరంతా ‘మాస్టర్స్ ఆఫ్ ఈవిల్’ అనే పాత ప్రతినాయక ముఠా సభ్యులే! పేర్లు, దుస్తులు మార్చుకున్నారు, అంతే. నాయకుడు బారన్ జెమో ‘సిటిజన్ వి’ అయ్యాడు. బీటిల్ అనే ఏబ్నర్ జెంకిన్స్ ‘మాక్-1’గా, స్క్రీమింగ్ మిమీ అనే మెలిస్సా గోల్డ్ ‘సాంగ్‌బర్డ్’గా, గోలియత్ అనే ఎరిక్ జోస్టెన్ ‘అట్లాస్’గా, మూన్‌స్టోన్ అనే కార్లా సోఫెన్ ‘మీటియొరైట్’గా, ఫిక్సర్ ‘టెక్నో’గా మారారు. జనం నమ్మకం సంపాదించి, ఆ నమ్మకంతోనే ప్రపంచాన్ని చేజిక్కించుకోవడం జెమో పథకం.

అయితే పథకంలో లేనిది ఒకటి జరిగింది. వీరుల వేషం కొందరికి నచ్చింది. ఒక పసిబిడ్డను కాపాడితే తల్లి కళ్లలో కనిపించే కృతజ్ఞతను వారు అంతకుముందు ఎన్నడూ చూసి ఉండరు. దీనికితోడు జోల్ట్ అనే అనాథ బాలిక, వారు నిజమైన వీరులేనని నమ్మి బృందంలో చేరింది. అనుచరుల మనసు మారుతోందని గ్రహించిన జెమో, వారి అసలు పేర్లు లోకానికి తెలిసేలా చేశాడు. తిరిగి తన వెంట నడవడం తప్ప వారికి దారి ఉండదని అతని లెక్క. ఆ లెక్క తప్పింది. చివరికి బృందంలో ఎక్కువమంది అతనికి ఎదురుతిరిగి, అతని పథకాన్ని భగ్నం చేశారు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 1
అ) హాక్ఐ 1965లో చేసినది పక్షం మారడమా, ప్రాయశ్చిత్తమా? కారణం రాయండి.
ఆ) బృంద సభ్యుల రహస్యాన్ని జెమో ఎందుకు బయటపెట్టాడు?

1.4 పాత్రల విశ్లేషణ

జెమోను ఎదిరించడంతో కథ ముగిసి ఉంటే ఇది మరో పక్షం మారిన కథ అయ్యేది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఇప్పుడు వారు జనం దృష్టిలో మోసగాళ్లు, చట్టం దృష్టిలో నేరస్థులు. ఈ స్థితిలో ఒక్కొక్కరు ఏమి చేశారో చూద్దాం.

మీటియొరైట్: కార్లా సోఫెన్ మనోవైద్యం తెలిసిన మనిషి. ఎదుటివారి బలహీనతలను పసిగట్టి వాడుకోవడం ఆమెకు అలవాటు. జెమో నుంచి ఆమె దూరం కావడంలో స్వప్రయోజనమే ఎక్కువ కనిపిస్తుంది. చేసిన పని మంచిదే, ప్రేరణ మాత్రం సందేహాస్పదం.

సాంగ్‌బర్డ్: మెలిస్సా జీవితమంతా ఎవరో ఒకరి నీడలో గడిచింది. తనకు తాను విలువ ఇచ్చుకోవడం ఆమె ఈ బృందంలోనే నేర్చుకుంది. ఆమెలో మార్పు నెమ్మదిగా వచ్చింది కనుక పాఠకులకు నమ్మదగినదిగా అనిపిస్తుంది.

మాక్-1: మన చర్చకు కీలకమైన పాత్ర ఇతడే. తరువాతి సంచికల్లో హాక్ఐ ఈ బృందానికి నాయకత్వం వహించడానికి వచ్చాడు. ఒకప్పుడు తనకు దొరికిన రెండో అవకాశం వీరికీ దొరకాలన్నది అతని ఉద్దేశం. కాని ఒక షరతు పెట్టాడు. బీటిల్‌గా ఉన్న రోజుల్లో ఏబ్నర్ జెంకిన్స్ ఒక హత్య చేశాడు, దానికి అతడు జైలుకు వెళ్లాలి. జెంకిన్స్ ఒప్పుకున్నాడు. ప్రేమించిన సాంగ్‌బర్డ్‌ను, ఎగిరే కవచాన్ని, కొత్తగా సంపాదించుకున్న పేరును వదిలి జైలుకు వెళ్లాడు.

ఈ నిర్ణయం ఎందుకు ముఖ్యమో ఆలోచించండి. సూపర్ హీరో కథల్లో మారిన ప్రతినాయకుడు సాధారణంగా సాహసాలతోనే బాకీ తీరుస్తాడు. కాని సాహసం చేస్తే చప్పట్లు కూడా వస్తాయి. బాకీ తీరుస్తున్నానంటూ కీర్తి సంపాదించుకునే అవకాశం అందులో ఉంది. జైలు గదిలో ఆ అవకాశం లేదు. అక్కడ ఎగరడానికి ఆకాశం లేదు, కాపాడటానికి జనం లేరు. ఏ ప్రతిఫలమూ లేని చోటికి అతడు వెళ్లాడు కాబట్టే అతనిది ప్రాయశ్చిత్తం అనిపించుకుంది.

బౌద్ధ వాఙ్మయంలోని అంగుళిమాలుడి కథను దీనితో పోల్చి చూడవచ్చు. హంతకుడైన అతడు భిక్షువుగా మారిన తరువాత కూడా, భిక్షకు వెళ్లినప్పుడు రాళ్ల దెబ్బలు తిని నెత్తురోడుతూ తిరిగి వచ్చాడు. చేసిన దాని ఫలితాన్ని ఓర్చుకోవలసిందేనని బుద్ధుడు చెప్పాడు. మనసు మారినంత మాత్రాన బాకీ రద్దు కాదన్న భావం రెండు చోట్లా ఉంది.

1.5 ఈ కథల పరిమితులు

మొదటిది, ధారావాహిక స్వభావం. మార్వెల్ పాత్రలు సంస్థ సొత్తు. రచయితలు మారుతూ ఉంటారు. ‘థండర్‌బోల్ట్స్’ బాధ్యత కూడా 2000లో బ్యూసిక్ నుంచి ఫేబియన్ నిసీజాకు వెళ్లింది. కథ ఎన్నటికీ ముగియదు కనుక, ఒక రచయిత చక్కదిద్దిన పాత్రను మరో రచయిత మళ్లీ దారి తప్పించవచ్చు.

రెండవది ఇంతకన్నా తీవ్రమైనది. ఈ కథల్లో బాధితుడి గొంతు వినిపించడం అరుదు. క్షమించాలా వద్దా అన్నది తోటి వీరులు, ప్రభుత్వం, కొన్నిసార్లు జనం నిర్ణయిస్తారు. చనిపోయిన వ్యక్తి కుటుంబం ఏమంటుందో మనకు తెలియదు. జైలు శిక్ష చట్టానికి చెల్లించే బాకీ. నష్టపోయినవారికి చెల్లించవలసిన బాకీ వేరే ఉంటుంది. మీరు ఏ ప్రాయశ్చిత్త కథ చదివినా, చూసినా ఈ ఖాళీ ఉందేమో వెతకండి. మారినవాడి కన్నీళ్లకు కథ ఎంత చోటిచ్చింది, అతని వల్ల ఏడ్చినవారికి ఎంత చోటిచ్చింది అని ప్రశ్నించండి.

1.6 సారాంశం

పశ్చాత్తాపం మనసులో కలుగుతుంది, పక్షం మారడం బయటికి కనిపిస్తుంది, ప్రాయశ్చిత్తానికి మూల్యం చెల్లించాలి. 1960ల కామిక్స్ ఎక్కువగా పక్షం మారడంతో సరిపెట్టుకున్నాయి. 1997లో మొదలైన ‘థండర్‌బోల్ట్స్’ మోసంగా మొదలైన మంచితనం నిజం కాగలదా అని అడిగింది. మాక్-1 పాత్ర ద్వారా కాగలదని, అయితే కీర్తిని వదులుకోవలసి ఉంటుందని చూపింది. బాధితుల మాట మాత్రం ఈ కథల్లో ఇంకా వినవలసే ఉంది.

1.7 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ‘థండర్‌బోల్ట్స్’ ఆధారంగా పక్షం మారడానికి, ప్రాయశ్చిత్తానికి గల భేదాన్ని చర్చించండి.
2. మాక్-1, మీటియొరైట్ పాత్రల్లోని మార్పును తులనాత్మకంగా పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కామిక్స్ కోడ్ నియమాలు ప్రతినాయక పాత్రలపై చూపిన ప్రభావం ఏమిటి?
2. మీకు తెలిసిన ఒక కథలో మారిన ప్రతినాయకుడిని తీసుకుని, అతని వల్ల నష్టపోయినవారికి ఆ కథ ఎంత చోటిచ్చిందో వివరించండి.