గంటన్నరకే అయిపోయిందని డబ్బులు వెనక్కి అడిగా!

ఆట అయిపోయింది. కాసేపు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నా. తర్వాత అమ్మకు ఫోన్ చేశా. 'ఏంట్రా ఇంత రాత్రప్పుడు? ఒంట్లో బానే ఉందా?' అని కంగారు పడింది. 'ఏం లేదమ్మా, ఊరికే చేశా' అన్నా. ఐదు నిమిషాలు మాట్లాడి పెట్టేశా.

ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? మళ్లీ ల్యాప్‌టాప్ ముందుకొచ్చి, అమ్మకు ఫోన్ చేయించిన ఆ ఆటకే రీఫండ్ పెట్టా.

కారణం సింపుల్. గంటన్నరకే అయిపోయింది. స్టీమ్‌లో కొన్న గేమ్‌ని 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే, 14 రోజుల్లోపు డబ్బులు వెనక్కి అడగొచ్చు. 'రూల్ ఉంది, వాడుకుంటే తప్పేంటి?' అనుకున్నా. డబ్బులొచ్చాయి. కానీ మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

కొండెక్కితేనే సిగ్నల్

ఆ గేమ్ పేరు 'ఎ షార్ట్ హైక్'. 2019లో వచ్చింది. కెనడాకు చెందిన ఆడమ్ రాబిన్సన్-యు దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. సంగీతం మార్క్ స్పార్లింగ్‌ది. 2020లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో అత్యున్నత బహుమతి దీనికే వచ్చింది.

కథ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. క్లెయిర్ అనే పక్షిపిల్ల సెలవులకు మే ఆంటీ దగ్గరికి వస్తుంది. ఒక ముఖ్యమైన ఫోన్ కాల్ కోసం ఎదురుచూస్తుంటుంది. అక్కడేమో సిగ్నల్ ఉండదు. హాక్ పీక్ అనే శిఖరం ఎక్కితేనే దొరుకుతుంది. ఊళ్లో సిగ్నల్ కోసం మేడ మీదికి పరిగెత్తిన వాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు!

బంగారు ఈకలు సంపాదించే కొద్దీ ఇంకా ఎత్తుకు ఎక్కొచ్చు. దారిలో చేపలు పట్టొచ్చు, ఎవరితోనైనా కబుర్లాడొచ్చు, ఇసుకలో బంతాట ఆడొచ్చు. పైనుంచి పడ్డా ఏమీ కాదు. తరిమే టైమర్ లేదు. నేనైతే కాల్ సంగతే మర్చిపోయి ఊరంతా తిరిగా. చివరికి పైకెక్కాక ఫోన్ మోగింది.

ఆ కాల్ దేని గురించో చెప్పను. కానీ క్లెయిర్ అంతసేపూ ఎంత భయాన్ని లోపల దాచుకుని తిరిగిందో అప్పుడు తెలుస్తుంది. నేను సరదాగా తిరిగాననుకున్నది, ఆ పిల్ల టెన్షన్‌తో కాలం నెట్టుకురావడం అన్నమాట! ఇదే ఆట 40 గంటలు సాగితే నాకు ఈకల లెక్క గుర్తుండేది, కాల్ గుర్తుండేది కాదు. గంటన్నరే కాబట్టి రెండూ గుర్తున్నాయి.

మన వేళ్లకే తెలిసే కథ

'చిన్న కథ కావాలంటే షార్ట్ ఫిల్మ్ చూసుకోవచ్చుగా?' అని మా రూమ్మేట్ అడిగాడు. చూడటం వేరు, మన చేతులతో చేయడం వేరు. ఫోన్‌లోనే ఆడుకునే 'ఫ్లోరెన్స్' తీసుకోండి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉన్న మౌంటెన్స్ స్టూడియో 2018లో తెచ్చింది. అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది. ఫ్లోరెన్స్ అనే పాతికేళ్ల అమ్మాయి, క్రిష్ అనే చెల్లో వాయించే అబ్బాయి ప్రేమకథ. క్రిష్‌వి భారతీయ మూలాలే.

మొదటిసారి కలిసినప్పుడు ఇద్దరూ మాట్లాడుకోవాలంటే మాటల బుడగని మనం పజిల్ ముక్కల్లా పేర్చాలి. పరిచయం పెరిగే కొద్దీ ముక్కలు తగ్గిపోతాయి, మాట ఈజీ అయిపోతుంది. గొడవ పడినప్పుడు అవే ముక్కలు గాజు పెంకుల్లా పదునెక్కుతాయి. క్రిష్ ఆమె ఇంటికి మారినప్పుడు అల్మరాలో అతని వస్తువులకు చోటు చేసేది మనమే. అదే వస్తువులను తర్వాత డబ్బాలో సర్దాల్సి వచ్చేదీ మనమే. ఆ సీన్ సినిమాలో చూస్తే 'అయ్యో' అనుకుంటాం. ఇక్కడ వేలు కదలడానికి మొరాయిస్తుంది.

'వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్' (2017) ఇంకో మెట్టు పైన ఉంటుంది. జెయింట్ స్పారో స్టూడియో చేసిన ఈ రెండు గంటల గేమ్‌కు 2018లో బాఫ్టా ఉత్తమ గేమ్ అవార్డు వచ్చింది. అందులో లూయిస్ అనే కుర్రాడు చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తుంటాడు. కుడిచేత్తో చేప తల కోస్తూనే ఉండాలి. ఎడమచేత్తో అతని ఊహాలోకంలో నడవాలి. ఊహ పెరుగుతూ పెరుగుతూ స్క్రీన్ అంతా ఆక్రమిస్తుంది. కుడిచెయ్యి మాత్రం అలవాటుగా కోస్తూనే ఉంటుంది. ఆఫీసు మీటింగ్‌లో తలూపుతూ మనసులో ఎక్కడికో వెళ్లిపోయే నాకు, ఆ పది నిమిషాలు ఎవరో నన్నే చూసి రాసినట్టు అనిపించింది.

అన్నీ బంగారం కాదు

చిన్న గేమ్ అయితే చాలు, గొప్పదే అని నేననను. పొగమంచు, పియానో, మెల్లటి నడక కలిపేసి 'ఫీల్ గేమ్' అంటే సరిపోదు. చాలామంది మెచ్చుకునే 'డియర్ ఎస్తర్' నాకు ఎక్కలేదు. దీవి అందంగా ఉంది, వెనక వినిపించే మాటలు ఆడిన ప్రతిసారీ కాస్త మారతాయి కూడా. కానీ నడవడం తప్ప నా చేతికి పనేం లేదు. అదే 'లింబో' (2010) చూడండి. అంతా నలుపు తెలుపే, సంగీతం ఉందా లేదా అన్నట్టుంటుంది. అయినా ఆ సాలీడు కాలు చీకట్లోంచి బయటికి రాగానే నా వేలు దానంతటదే వెనక్కి లాగేసుకుంది. నా లెక్కలో మూడ్ అంటే అదీ!

కోడ్ లైన్లు లెక్కపెట్టే బుద్ధి

ఇక నా రీఫండ్ దగ్గరికొద్దాం. 2021లో ఎమికా గేమ్స్ అనే చిన్న స్టూడియో 'సమ్మర్ ఆఫ్ 58' అనే హారర్ గేమ్ తెచ్చింది. ఆడినవాళ్లలో ఎక్కువమందికి నచ్చింది. కానీ ఆట రెండు గంటల్లోపే అయిపోవడంతో చాలామంది పూర్తిచేసి మరీ రీఫండ్ తీసుకున్నారు. ఇలాగైతే కొత్త గేమ్ చేయడానికి డబ్బుండదంటూ, గేమ్ల తయారీకి నిరవధికంగా దూరమవుతున్నానని ఆ డెవలపర్ ప్రకటించాడు. అది చదివినప్పుడు నా గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఆ 'చాలామంది' లాంటి వాడినే నేనూ!

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. 200 లైన్ల కోడ్‌ను ఎవరైనా 40 లైన్లలో రాస్తే టీమ్ అంతా మెచ్చుకుంటాం. అంత చిన్నగా రాయడానికే ఎక్కువ ఆలోచించాలని మాకు తెలుసు. మరి గేమ్ దగ్గరికొచ్చేసరికి 'గంటకు ఎంత పడింది?' అని లెక్క ఎందుకు కట్టా? పూతరేకు తిని, బరువు తక్కువుందని ఎవరైనా డబ్బులు వెనక్కి అడుగుతారా?

రీఫండ్ రూల్ తప్పని అనను. గేమ్ మన సిస్టమ్‌లో నడవకపోయినా, మొదటి పావుగంటలోనే బోర్ కొట్టినా అడగాల్సిందే. మన డబ్బులు ఊరికే రావు. కానీ చివరి పేర్లు పడేదాకా ఆడి, కదిలిపోయి, ఆపైన రీఫండ్ అడగడం మాత్రం సినిమా అంతా చూసొచ్చి కౌంటర్ దగ్గర టికెట్ డబ్బులు అడిగినట్టే.

'ఎ షార్ట్ హైక్'ను మళ్లీ కొన్నా. రెండోసారి దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా పైకెళ్దామనుకున్నా. మళ్లీ చేపలు పడుతూ ఆగిపోయా!

ఈ ఆదివారం మీకు గంటన్నర ఖాళీ ఉందా? ఫోన్‌లో అయితే 'ఫ్లోరెన్స్', ల్యాప్‌టాప్ ఉంటే 'ఎ షార్ట్ హైక్' మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. నోటిఫికేషన్లు ఆపేయండి. అయిపోయాక ఎవరికైనా ఫోన్ చేయాలనిపిస్తే, ఎంత రాత్రయినా చేసేయండి. రీఫండ్ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి.