ఎండ తిన్న కారా, ఉప్పు తిన్న కారా?

ఒకే ధరకు రెండు కార్లు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. రెండూ 1990 నాటి మాజ్డా మియాటాలే. మొదటిది టెక్సస్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఎండలో నిలబడింది. గుడ్డ టాపు చిరిగింది, వెనక ప్లాస్టిక్ అద్దం పసుపుబారి అవతలేముందో కనిపించడం లేదు, డ్యాష్‌బోర్డు నెర్రెలు విచ్చింది, ఎర్ర రంగు వెలిసి గులాబీ అయింది, ఇంజను టకటకలాడుతోంది. రెండోది మిషిగన్‌ది. రంగు తళతళలాడుతోంది, తాళం తిప్పగానే ఇంజను అందుకుంటోంది, సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి. వెనక చక్రానికి కాస్త ముందు, తలుపు కింద, రంగు మీద ఆవగింజలంత పొక్కులు నాలుగైదు మాత్రం లేచాయి. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న మనిషి దేన్ని కొనాలి? చాలామంది చూపు రెండోదాని మీదే నిలుస్తుంది. కొనాల్సింది మొదటిదే. పాత స్పోర్ట్స్ కారును తక్కువ డబ్బుతో నిలబెట్టుకోవాలనుకునేవారు కొనేటప్పుడు చూడాల్సింది దాని మెరుపునూ పరుగునూ కాదు, ఏ నష్టాన్ని బోల్టు విప్పి సరిచేయొచ్చో, దేన్ని చేయలేమో ఆ తేడాను. ఎండ చేసిన నష్టం విప్పదీసి మార్చుకోగలిగేది. ఉప్పు చేసిన నష్టం కారు ఎముకల్లో ఉంటుంది.

ఈ కారునే ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్డా దీన్ని తొలిసారి ప్రపంచానికి చూపింది. అమెరికాలో మొదటి ధర 13,800 డాలర్లు. రెండే సీట్లు, విప్పేసే గుడ్డ టాపు, ముందు ఇంజను, వెనక చక్రాలకు శక్తి. 1960ల్లో లోటస్ ఎలాన్ వంటి బ్రిటిష్ కార్లు ఇచ్చిన ఆనందాన్ని, వాటికున్న ఆయిలు కారే జబ్బులు లేకుండా మళ్లీ ఇవ్వాలన్నది దాన్ని తయారుచేసినవారి పట్టుదల. 1.6 లీటర్ల ఇంజను 116 హార్స్‌పవరే ఇచ్చినా, బండి బరువు టన్నుకు అటూఇటూగా ఉండటంతో అదే చాలింది. 1997 వరకు సాగిన ఈ మొదటి తరం కార్లే నాలుగు లక్షలు దాటాయి. అన్ని తరాలూ కలిపి 5,31,890 కార్లతో 2000లో గిన్నిస్ రికార్డుకెక్కింది, 2016లో పది లక్షలు పూర్తిచేసుకుంది. మన దేశంలో దీన్ని అమ్మలేదు. తయారై మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కారును మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు కాబట్టి, తెప్పించుకునే దారీ లేదు. అయితే ఈ కార్లు విరివిగా దొరికే డాలస్, న్యూజెర్సీ, డెట్రాయిట్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఊరిని బట్టి కారు ఎలా చెడుతుందో తెలుసుకుంటే వారికి నేరుగా పనికొస్తుంది.

తుప్పు ఎలా పడుతుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. విశాఖ బీచ్ రోడ్డులో ఉండేవారి కిటికీ ఊచలను, హైదరాబాద్‌లో అదే వయసున్న ఊచలను పక్కపక్కన పెడితే చాలు. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. నీటిలో ఉప్పు ఉంటే అది విద్యుత్తును సులువుగా పారనిస్తుంది కాబట్టి ఆ రసాయన చర్య ఎన్నో రెట్లు వేగమందుకుంటుంది. మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల నుంచి చిమ్మి కారు కింద ప్రతి మడతలోకీ, ప్రతి అతుకులోకీ చేరుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే లోపలి నుంచి రంగును పైకి నెట్టి పొక్కులు లేపుతుంది. అంటే బయట పొక్కు కనిపించేసరికి లోపల పని ముగింపుకొచ్చిందన్నమాట. కనిపించే ఆవగింజ వెనక అరచేయంత ఇనుము ఉల్లిపొరలా పల్చబడి ఉండటం మామూలే.

మియాటాలో ఈ జబ్బు ఎక్కడ మొదలవుతుందో దగ్గరగా చూడాలి. టాపు మీద పడిన వాన సీట్ల వెనక ఉన్న ఒక రబ్బరు కాలువలోకి జారుతుంది. అక్కడి నుంచి రెండు పక్కలా, సీటు బెల్టు పెట్టెల దగ్గర, వేలు కూడా సరిగా దూరని రంధ్రాల గుండా కిందికి దిగి, వెనక చక్రం ముందు నేల మీద పడిపోతుంది. చెట్టు కింద నిలిపిన కారులో ఎండుటాకులు, దుమ్ము ఆ రంధ్రాన్ని మూసేస్తాయి. దారి మూసుకున్న నీరు ఊరుకోదు, పక్కకు పొంగి తలుపు కింద అడ్డంగా సాగే బోలు ఇనుప పెట్టెలోకి దిగుతుంది. దాన్నే సిల్లు అంటారు. బయటి నుంచి ఉప్పు, లోపలి నుంచి నిలవనీరు, రెండూ కలిసేది అక్కడే. కప్పున్న కారులోనైతే బరువును పైకప్పు కూడా పంచుకుంటుంది. టాపు తీసేసే కారులో ఆ సాయం లేదు, ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునేది ప్రధానంగా ఈ సిల్లులూ, సీట్ల మధ్య సొరంగంలా సాగే ఇనుప భాగమూ. ఇంటికి దూలం ఎలాగో ఈ కారుకు సిల్లు అలాగ. దూలానికి చెదపట్టిన ఇంటికి సున్నం వేయించి అమ్మితే ఎవరూ కొనరు. అదే సంగతి కారులో జరిగితే మాత్రం రంగు చూసి కొనేస్తారు.

మోసం దాగేది కూడా అక్కడే. కుళ్లిన చోట లప్పం పెట్టి, పామి, రంగు కొట్టిస్తే పైన పటారం లోన లొటారం. దాన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. చిన్న అయస్కాంతాన్ని పల్చని గుడ్డలో చుట్టి, సిల్లు పొడవునా మెల్లగా నడిపించాలి. ఇనుమున్న చోట చేతిని లాగుతుంది, లప్పమున్న చోట పట్టు వదిలేస్తుంది. తర్వాత కింద పడుకుని టార్చి వేసి, వెనక చక్రం ముందున్న అంచును బొటనవేలితో గట్టిగా నొక్కాలి. కరకరమన్నా, రేకులు రాలినా, కొత్తగా నల్ల తారు పూసి ఉన్నా లేచి వచ్చేయడమే మంచిది. అమ్మేవారు నొక్కనివ్వకపోతే సమాధానం అందినట్టే.

ఇంజను సంగతేమిటని అడిగేవారుంటారు. కారుకు గుండె అదే కదా, టకటకలాడే ఇంజనును ఎందుకు కొనాలి? ఈ ప్రశ్న సబబైనదే. కానీ ఈ కారు ఇంజను మాజ్డా 323 కుటుంబం నుంచి వచ్చిన సామాన్యమైనది, కొరతగా దొరికేదేమీ కాదు. పైన వినిపించే టకటక చాలాసార్లు హైడ్రాలిక్ లిఫ్టర్లలో మురికి చేరడం వల్ల వస్తుంది, ఆయిలు మార్చి నాలుగు రోజులు నడిపితే తగ్గుతుంది. టైమింగ్ బెల్టును 60,000 మైళ్లకోసారి మార్చాలి. ఒకవేళ అది తెగినా పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దవు, బండి ఆగిపోతుందంతే. నిజంగా భయపడాల్సిన లోపం ఒకటుంది. 1990 మోడల్ నుంచి 1991 తొలి నెలల వరకు వచ్చిన కార్లలో క్రాంక్‌షాఫ్ట్ ముక్కు పొట్టిది. బెల్టు మార్చేటప్పుడు ఆ ముక్కు చివరి బోల్టును సరిగా బిగించకపోతే, పుల్లీని పట్టుకునే చీల గాడి అరిగి, పుల్లీ ఊగడం మొదలవుతుంది. ముందు పుల్లీలో నాలుగు గాళ్లుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే తర్వాతి పొడుగు ముక్కు. ఇంజను తిరుగుతుండగా పుల్లీ చివర ఊగుతోందేమో చూస్తే తెలిసిపోతుంది. ఎంత చెడ్డా, ఇంజను మొత్తాన్ని నాలుగు గొలుసులు వేసి ఎత్తి, వేరొకటి దించొచ్చు. కారు చట్రాన్ని అలా ఎత్తి మార్చలేం.

దీనికి పదునైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇనుమే ముఖ్యమైతే, ఒళ్లంతా జింకు పూత వేసి తుప్పును తట్టుకునేలా చేసిన పోర్షే 944 కొనొచ్చు కదా అని. 1982 నుంచి 1991 వరకు తయారైన అందమైన కారు అది. చాలాకాలం పోర్షేల్లో చౌకగా దొరికింది కూడా. అయితే దాని ఇంజనులో టైమింగ్ బెల్టు తెగిందంటే పిస్టన్లు వాల్వులను వంచేస్తాయి. పక్కనే బ్యాలెన్స్ షాఫ్టులకు వేరే బెల్టు, దానికి వేరే బిగింపు. గేర్‌బాక్సు వెనక, క్లచ్చు ముందు ఉండటంతో, క్లచ్ ప్లేటు మార్చాలంటే రెంటినీ కలిపే పొడవైన గొట్టాన్ని వెనక్కి జరపాలి. ప్లేటు ఖరీదు ఒక వంతైతే కూలి దాన్ని దాటిపోతుంది. అంటే ఆ కారులో బోల్టు విప్పినంత తేలిగ్గా తీరని నష్టం ఇంజనులోనూ క్లచ్చులోనూ ఉంది, కాబట్టి అక్కడ పాత బిల్లులు, బెల్టు మార్చిన తేదీ చూసి కొనాలి. ఈ ఉదాహరణతో నా వాదన బలపడిందనే అనుకుంటాను. తిరిగిరాని నష్టం ఒక్కో కారులో ఒక్కోచోట ఉంటుంది. అదెక్కడుందో ముందుగా తెలుసుకుని, కొనే డబ్బులో ఎక్కువ భాగం ఆ చోటు బాగున్న కారుకే ఇవ్వాలి. మిగతావి ఎంత పాడైతే అంత మేలు, బేరం ఆడటానికి పనికొస్తాయి.

వెల్డింగ్ నేర్చుకుని తుప్పు కారును సొంతంగా చేసుకుంటాం, కూలి కలిసొస్తుంది కదా అనేవారూ ఉన్నారు. ఆ ఉత్సాహాన్ని తక్కువ చేయను. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే మేస్త్రీలు రేకును కోసి, వంచి, అతికే తీరు చూస్తే అది ఎన్నేళ్ల విద్యో అర్థమవుతుంది. సిల్లు కోయాలంటే ముందు తలుపు సందుకు అడ్డంగా ఇనుప కడ్డీ అతికించి చట్రం కదలకుండా కట్టాలి. లేకపోతే కోసిన చోట కారు నడుము వంగుతుంది, తర్వాత ఆ తలుపు జన్మలో సరిగా పడదు. బయటి రేకు తీశాక లోపలి రెండో పొర, మూడో పొర ఎంత పోయాయో అప్పుడు తెలుస్తుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ప్రపంచంలో పదే మిగిలిన కారైతే ఆ కష్టం పడాల్సిందే. నాలుగు లక్షలు తయారైన కారుకు అవసరం లేదు. టెక్సస్ నుంచో కాలిఫోర్నియా నుంచో ట్రక్కు మీద తెప్పించుకునే కిరాయి ఒక్కసారితో పోతుంది, కొత్త సిల్లుల కూలి కన్నా మామూలుగా తక్కువే.

కొన్నాక డబ్బు ఏ వరసలో ఖర్చుపెట్టాలన్న దగ్గర కూడా ఇదే తప్పు జరుగుతుంటుంది. రంగు, చక్రాలు, స్టీరింగు ముందొస్తాయి, బ్రేకులు తర్వాతొస్తాయి. మొదట చూడాల్సింది టైరు పక్కనున్న నాలుగంకెలు. 2315 అంటే 2015లో 23వ వారంలో తయారైందని. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన రబ్బరు రాయితో సమానం, మార్చి తీరాలి. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ఆ వేడికి మరిగి పెడలు మెత్తబడుతుంది. దాన్ని పూర్తిగా తీసి కొత్తది పోయడానికి అయ్యేది కొద్ది డాలర్లే. తర్వాత రేడియేటర్. పైనున్న నల్ల ప్లాస్టిక్ తొట్టి గోధుమ రంగుకు తిరిగిందంటే పెళుసెక్కిందని అర్థం, ఏదో ఒక మధ్యాహ్నం హైవే మీద పగిలి ఇంజనును కాల్చేస్తుంది. బ్రేకులు, టైరు, గొట్టాలు, బెల్టు విషయంలో పాత సామాను గానీ నాసిరకం గానీ వద్దు. సీటు, అద్దం, తలుపు పిడి, డ్యాష్‌బోర్డు మాత్రం తుక్కు యార్డులో పానాతో విప్పి తెచ్చుకోవచ్చు. మాజ్డా సంస్థే 2017లో జపాన్‌లో ఈ మొదటి తరం కార్ల పునరుద్ధరణ సేవను ప్రకటించి, గుడ్డ టాపు, నార్డీ స్టీరింగు వంటివి మళ్లీ చేయించడం మొదలుపెట్టింది. బజారులో దొరికే వస్తువు గురించి దిగులు పడక్కర్లేదు. ఎండకు వెలిసిన రంగును మాత్రం రెండేళ్లయినా అలాగే వదిలేయమంటాను. ఇంకో సలహా ప్రాణంతో సమానమైనది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు, గట్టి స్టాండ్లు పెట్టాకే పడుకోవాలి.

ఇంత పెట్టాక అమ్మితే తిరిగొస్తుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పాల్సిన జవాబు, సాధారణంగా రాదు అనే. పెట్టుబడి కోసమైతే ఈ పని తలకెత్తుకోవద్దు. కానీ బండిని మొత్తం విప్పి గ్యారేజీలో పరచకుండా, ఒక్కో వారాంతం ఒక్కో పని చేసి, ప్రతి ఆదివారం సాయంత్రానికి తిరిగి నడిచేలా ఉంచుకున్నవారికి నెలసరి వాయిదా లేని స్పోర్ట్స్ కారు మిగులుతుంది. విప్పి పరిచిన కార్లలో చాలావరకు ఎవరో ఒకరికి సామాన్ల పెట్టెలతో సహా అమ్ముడుపోతాయి.

టెక్సస్ కారు ఇంటికి చేరిన రోజు చేయాల్సిన మొదటి పనికి రూపాయి ఖర్చు లేదు. టాపు మడిచి, సీట్ల వెనక కార్పెట్ ఎత్తి, ఆ రెండు రంధ్రాలు వెతకాలి. కొన మొద్దుగా ఉన్న మెత్తటి ప్లాస్టిక్ తీగను మెల్లగా దించి ఆకుల పీచు లాగేయాలి. ఇనుప తీగ వాడితే లోపలి గొట్టం చిరుగుతుంది. తర్వాత గ్లాసుడు నీళ్లు పోసి, వెనక చక్రం ముందు వంగి కూర్చుని చూడాలి. పోసిన నీళ్లు ధారగా నేల మీద పడేదాకా పోస్తూనే ఉండాలి.