ఊపితే ఆడే ఆట

2006లో జపానుకు చెందిన నింటెండో కంపెనీ ‘వీ’ అనే వీడియో ఆట యంత్రాన్ని విడుదల చేసింది. చేతిలోని రిమోటును టెన్నిస్ బ్యాటులా ఊపితే తెరమీది ఆటగాడు బంతిని కొట్టేవాడు! 10 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. తర్వాత మోజు తగ్గింది. గంటలకొద్దీ చెయ్యి ఊపడం కంటే కూర్చుని బొత్తాలు నొక్కడమే సుఖం కదా!

మరి మన ఊపు రిమోటుకెలా తెలిసేది? అందులో సన్నని స్ప్రింగులపై నిలిచిన అతిచిన్న సిలికాన్ దిమ్మ ఉంటుంది. బస్సు హఠాత్తుగా కదిలితే మనం వెనక్కు తూలినట్లే, రిమోటు కదిలితే జడత్వం వల్ల దిమ్మ వెనకబడుతుంది. దిమ్మకూ పక్కనున్న పలకలకూ నడుమ దూరం మారగానే, అవి విద్యుదావేశాన్ని నిలవ చేసుకునే శక్తీ మారుతుంది. దానినిబట్టి త్వరణాన్ని లెక్కకట్టవచ్చు.

ఆట మోజు తగ్గినా ఈ త్వరణమాపకం పోలేదు. సెల్‌ఫోనును అడ్డంగా తిప్పి చూడండి, బొమ్మ కూడా తిరుగుతుంది. ఫోను కదలకున్నా లోపలి దిమ్మను భూమి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడు ఎటువైపో ఫోను కనిపెడుతుంది.