హద్దుల్లో దొరికిన ఆడబిడ్డ

సిద్దిపేటలో దస్తావేజులు రాసి బతుకుతున్నవాణ్ని. వచ్చినవాళ్లను తాత పేరు అడిగితే టక్కున చెబుతారు, ముత్తాత దగ్గర నీళ్లు నములుతారు. ముత్తాత అక్కచెల్లెళ్ల సంగతి ఇక అడగనే వద్దు. మా ఇంట్లోనూ అంతే. మా ముత్తాతకు ఒక చెల్లె ఉండేదని బాపమ్మ అంటుండేది. బాపమ్మ బతికుండగా ఆ చెల్లె పేరేమిటని అడిగినవాళ్లు లేరు.

ఇలాంటి పేర్ల కోసం అమెరికాలో బ్రిటిష్ వలసల నాటి పూర్వీకుల్ని వెతికేవాళ్లకు వీలునామాలే పెద్ద దిక్కు. ఆస్తి ఉన్న తండ్రి ఏ బిడ్డకు ఆవు, ఏ బిడ్డకు మంచం అని పేరుపేరునా రాయించేవాడు. చాలాచోట్ల కౌంటీ కోర్టు దాన్ని పుస్తకంలోకి ఎక్కించేది. పెళ్లయిన బిడ్డకు తరచు అత్తింటి పేరు కూడా ఉంటుంది గనుక ఆమె ఏ ఇంటికి పోయిందో తెలుస్తుంది. మన ఊళ్లల్లో వీలునామా రాసిన రైతు అరుదు. పెద్దమనుషులు కూర్చుని కొడుకులకు పంచేవారు, అయిపోయేది. మనకు దారి చూపేది భూమి కాయితమే.

నిజాం కాలపు సర్వేతో తయారైన భూమి రిజిస్టరు, సేత్వార్, ఉర్దూలో ఉంటుంది. చదివిపెట్టే పెద్దలు తగ్గిపోతున్నారు. ఏళ్లన్నీ ఫసలీలో. ఇంగ్లిషు ఏడు కావాలంటే 590 కలుపుకోవాలి: 1358 ఫసలీ అంటే 1948-49. తర్వాతది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. తెలంగాణలో భూమి తగాదా వస్తే వకీలు ముందు అడిగేది దీన్నే. పట్టాదారు ఒక గడిలో, కబ్జాలో ఉన్నవాడు ఇంకో గడిలో. మగవాడి పేరు వెంట ‘వల్ద్’ అని తండ్రి పేరు, ఆడమనిషికి ‘జౌజె’ అని భర్త పేరు. అయితే ఆడవాళ్లు ఆ గడుల్లోకి వచ్చేది ఎక్కువగా భర్త పోయాకే.

మా సర్వే నంబరులో పట్టాదారుగా అప్పటికే కాలం చేసిన ముత్తాత తండ్రి పేరే ఉంది. విరాసత్ (వారసుల పేరుకు మార్పిడి) చేయించుకోకుండా ఏళ్లకేళ్లు వదిలేయడం మనవాళ్లకు మామూలే. కబ్జా గడిలో ఇద్దరున్నారు. ఒకరు మా ముత్తాత, రెండోది మా ఇంటిపేరు కాని మనిషి. కౌలుదారా అంటే, 1950 కౌల్దారీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదార్ల జాబితాలో ఆయన లేడు. ముడి విప్పింది పక్క భూమి అమ్మకం కాయితం. అమ్మకానికి నాలుగు హద్దులు రాయక తప్పదు గదా. అందులో పడమర హద్దుగా ‘లచ్చవ్వ’ భూమి అని, భర్తగా ఆ మనిషి పేరు రాసి ఉంది. పసుపు కుంకుమ కింద ముత్తాత చెల్లెకు ఇచ్చిన చెలక అది. పక్కవాడు అమ్ముకోకపోతే ఆమె పేరు మాకు దక్కేదే కాదు.

కాయితం బయట కూడా వెతకాలి. గోత్రాలు, వంశాలు చెప్పే పిచ్చిగుంట్లవారు (సర్కారు లెక్కల్లో ఇప్పుడు వంశరాజ్) వస్తే కూర్చోబెట్టి వినండి. పెత్రమాసనాడు అయ్యగారికి బియ్యమిస్తూ ఇంటి పెద్దలు ఎవరెవరి పేర్లు చెబుతున్నారో రాసుకోండి.

ఆడబిడ్డల పేర్లు కాయితాల్లోకి బారులు తీరింది హిందూ వారసత్వ చట్టం మారాకే. ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని బిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. 2005లో కేంద్రం చట్టం మార్చాక పెళ్లయినవాళ్లతో సహా ఆడబిడ్డలందరికీ వచ్చింది. అప్పటినుంచి కొనేవాళ్లు అక్కచెల్లెళ్ల సంతకం లేనిదే పైసలు తీయరు. దాంతో హక్కు విడుదల పత్రాలు పెరిగాయి: బిడ్డ పేరు, వయసు, భర్త పేరు, అత్తగారి ఊరు, ఎడమచేతి బొటనవేలి నిశాని, అన్నీ ఉంటాయి. వాటా వదులుకునే కాయితంలోనే ఆమె వివరం ఇంత నిండుగా ఉండడం నాకు మింగుడుపడదు. రేపటి మునిమనవలకు మాత్రం అదే ఆధారం.

ఇప్పుడు వీలునామాలు రాయించేవాళ్లూ వస్తున్నారు. రిజిస్టరు చేస్తే అది రిజిస్ట్రేషన్ ఆఫీసులో 3వ పుస్తకంలోకి ఎక్కుతుంది. రాసినాయన బతికుండగా ఇతరులకు నకలు ఇవ్వరు, పోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా ఇస్తారు. నేను రాసేవాటిలో ఆస్తి రాకపోయినా సరే, బిడ్డలందరి పేర్లూ అత్తగారి ఊళ్లతో సహా పెడతాను. “అవన్నీ ఎందుకు సారూ, ఊకె పేజీ పెరుగుతది” అని మొన్న ఒకాయన గునిసిండు. పెరగనియ్యి అన్న.